చెత్తయార్డు గేటు దగ్గర నేను రాసిన రసీదులు

ఉదయగిరికీ ఆత్మకూరుకీ మధ్య ఒక ఊళ్ళో, పంచాయతీ ఆఫీసులో నేను గుమాస్తాగా పనిచేశాను. ఊరి పేరు రాయను. అక్కడివాళ్ళు చదివితే ఎలాగూ పోల్చుకుంటారు, మిగతావాళ్ళకు పేరుతో పనిలేదు. తొంభైల నడిమి సంవత్సరాలవి. నాకప్పటికి ముప్పయి దాటాయి. కాపురం ఉదయగిరిలో, మా నాయన ఇంట్లోనే. పొద్దున మొదటి బస్సుకు బయలుదేరి, సాయంత్రం ఏది దొరికితే ఆ బస్సుకు తిరిగి వచ్చేవాణ్ణి.

ఆ ఊరికి పడమర పక్క, చిల్లచెట్లు అనే సర్కారు తుమ్మల మధ్య పంచాయతీవారి చెత్తయార్డు ఉండేది. చుట్టూ రాతిగోడ, ముందు ఇనప గేటు, లోపల ఒక రేకుల షెడ్డు. ఊళ్ళో ఊడ్చిన చెత్తంతా తోపుడు బళ్ళ మీద అక్కడికి చేరేది. కొన్నాళ్ళు పోగుపడ్డాక ట్రాక్టరు వచ్చి ఎత్తుకుపోయి, దూరంగా పాత కంకర గుంతల్లో పోసేది. అయితే అంతా గుంతలకు పోయేది కాదు. బాగా మాగిన దిబ్బను ఏటా వానలకు ముందు వేలం వేసేవాళ్ళం. మెట్ట సేద్యం చేసే రైతులు పోటీపడి పాడుకునేవారు. ఆ డబ్బుతోనే ట్రాక్టరు కిరాయి గడిచిపోయేది.

ఒక ఏడు వేలానికి రైతులు వచ్చారు గానీ ఎవరూ పాట పెట్టలేదు. ఏటేటా పాడే పెద్దరైతు ఒకాయన దిబ్బలోకి చెయ్యి పెట్టి గుప్పెడు తీశాడు. ఎరువుతోపాటు నాలుగు ప్లాస్టిక్ కవర్లు సాగుతూ బయటికి వచ్చాయి. వాటిని నా ముందు బల్ల మీద పరిచాడు.

"మూడేళ్ళుగా ఇదే తోలుతున్నా. దున్నితే మట్టి కన్నా ఇవే ఎక్కువ లేస్తా ఉండాయి. నువ్వు ఊరకే ఇచ్చినా నాకొద్దు" అన్నాడు.

ఆయన వెళ్ళాక మిగిలినవాళ్ళూ ఒక్కొక్కరే తువ్వాళ్ళు దులుపుకుని లేచారు. వేలం పాట పుస్తకంలో ఆ ఏడాది పేజీ ఖాళీగా ఉండిపోయింది.

అప్పటికి మా ఆఫీసరు కొత్తగా వచ్చినవాడు. నాకన్నా రెండు మూడేళ్ళు చిన్న. పని చేయాలని నిజంగానే ఉన్న మనిషి. హోటళ్ళవాళ్ళు, మిల్లులవాళ్ళు, మాంసం కొట్లవాళ్ళు చెత్తను వాగులో పారబోస్తున్నారు. వాళ్ళకు యార్డు గేటు తెరిచి, బండికి ఇంత అని రుసుం పెడితే వాగూ బాగుపడుతుంది, ట్రాక్టరూ నడుస్తుందని ఆయన లెక్క. ఎక్కడో పెద్ద ఊళ్ళో చూసి వచ్చాడట. నాకూ అది మంచి ఆలోచనగానే తోచింది. ఇప్పటికీ నేను ఆ ఆలోచనను తప్పుపట్టను.

గేటు దగ్గర కూర్చుని రసీదులు రాసేది ఎవరన్నప్పుడు నా వైపు చూశారు. ఆఫీసులో అయిదుగురం ఉండేవాళ్ళం. నేనే ఎందుకని నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. మా నాయన మిషన్ బడిలో పంతులుగా చేసి రిటైరైనవాడు. ఊరికి ఎడంగా ఉండే ఏ పాలెం నుంచి మేం చదువుకుని వచ్చామో ఆఫీసులో అందరికీ తెలుసు.

ఆ సాయంత్రం అన్నం తింటూ నాయనకు చెప్పాను. ఆయన మజ్జిగ పోసుకున్నాక, "ఎన్నాళ్ళు?" అని అడిగాడు. తెలియదన్నాను. మా తాత ఊళ్ళో చచ్చిన గొడ్లను మోసినవాడు. ఆ సంగతి మా అవ్వ చెబితే తెలిసిందే గానీ నాయన నోట ఎన్నడూ వినలేదు. కొడుక్కు పలక కొనిచ్చిన నాడే ఆ మోత తనతో ఆగిపోవాలని తాత అనుకున్నాడట. మరునాటి నుంచి నేను బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి పెరటి తలుపు దగ్గర ఒక బకెట్ నీళ్ళు, సబ్బు పెట్టి ఉండేవి. నాయనే తోడి పెట్టేవాడు. అది ప్రేమో, అసహ్యమో, రెండూనో నాకు తెలియలేదు. అడిగేంత ఓపికా ఉండేది కాదు.

గేటు ప్రారంభించిన రోజు సర్పంచి రిబ్బను కత్తిరించాడు. రేకు మీద రేట్లు రాయించి గోడకు కొట్టారు. తోపుడు బండికి ఒకటి, ఎద్దుల బండికి ఒకటి, ట్రాక్టరుకు ఒకటి. షెడ్డులో నాకొక బల్ల, కుర్చీ, రసీదు పుస్తకం, కార్బన్ కాగితం, రబ్బరు స్టాంపు. రసీదులో 'చెత్త రకం' అని ఒక గడి ఉండేది. అందులో ఏం రాయాలని ఆఫీసరును అడిగితే, ఇళ్ళ చెత్త, కొట్ల చెత్త అయితే 'సాధారణం' అని, ఇటుకలూ మట్టీ అయితే 'కట్టుబడి' అని రాయమన్నాడు. ఇంకో రకం ఉంటుందని ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

మూడు రోజులు ఎవరూ రాలేదు. నాలుగోనాడు వచ్చిన హోటలాయన గేటు ముందు బండి ఆపించి, నాతో అరగంట వాదించి, బండిని వాగువైపే తిప్పించుకుపోయాడు. పంచాయతీ నోటీసులు అంటించాక ఒక్కరొక్కరే రావడం మొదలుపెట్టారు. కొందరు డబ్బు కట్టడం ఇష్టంలేక తెల్లవారేలోగా గోడ బయటే కుమ్మరించిపోయేవారు. నేను లోపల రసీదులు రాస్తుంటే బయటి కుప్ప లోపలి కుప్పతో సమంగా పెరిగింది. వచ్చిన ప్రతివాడికీ అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పాలి. ఎండ, ఈగలు, రేకుల వేడి. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీయబుద్ధయ్యేది కాదు. నెల తిరిగేసరికి వాసన తెలియడం మానేసింది. బస్సులో నా పక్క సీటు ఎందుకు ఖాళీగా ఉంటుందో ఆలోచించడం కూడా మానేశాను.

ఆ యార్డులో నాకన్నా ముందు నుంచీ ఉన్న మనిషి ఒకామె. పంచాయతీలో దినకూలీ. ఇరవై ఏళ్ళుగా ఆ చెత్తను చదును చేసేదీ, గాజు, ఇనుము, ఎముకలు వేరుచేసేదీ ఆమే. వేరుచేసినవి అమ్ముకుంటే వచ్చేది ఆమెకే చెందేది. ఎవరూ రాసి ఇచ్చిన హక్కు కాదు, అలా జరిగిపోతూ వచ్చింది. అరవై దగ్గరపడి ఉంటాయి. సన్నగా, ఎత్తుగా ఉండేది. ఆదివారాలు తెల్లచీర కట్టుకుని ఆ ఊరి చర్చిలో ఆడవాళ్ళ వరసలో ముందు కూర్చునేదని తరవాత తెలిసింది. నేను ఆమెను పెద్దమ్మా అనేవాణ్ణి. ఆమె నన్ను మొదట్లో సారూ అనేది. మా నాయన ఫలానా పంతులని తెలిసిన రోజు నుంచి అబ్బయా అనసాగింది.

నాకు ఆ పని నేర్పింది ఆమే. ఏ బండి లోపలికి ఎంత బరువుతో వస్తుందో చక్రం దిగబడడం చూసి చెప్పేది. గాలి ఏ పక్క నుంచి తిరుగుతుందో చూసి నా కుర్చీ జరపమనేది. తను వంగి లేస్తూ రోజంతా చేసే పనిని నేను కూర్చుని చూస్తూ అలిసిపోయేవాణ్ణి. ఆ మాట ఒకసారి ఆమెతో అంటే నవ్వింది.

"చూసేదానికే ఎక్కువ ఆయాసం అబ్బయా. చేసేవాళ్ళకి అంత తీరిక యాడుండాది" అంది.

మా గేటుకు ఒకే ఒక మంచి గిరాకీ ఉండేది. బస్టాండు దగ్గర కొత్తగా పెట్టిన నర్సింగ్ హోం. అక్కడి కాంపౌండరు రోజు మార్చి రోజు రిక్షాలో తవుడు గోతాలు వేసుకుని వచ్చేవాడు. మూతులు పురికొసతో కుట్టి ఉండేవి. బేరం ఆడేవాడు కాదు, చిల్లర సరిగ్గా తెచ్చేవాడు, నమస్తే సార్ అని పలకరించి రసీదు మడిచి జేబులో పెట్టుకునేవాడు. పొద్దుటి నుంచీ పోట్లాడీ పోట్లాడీ విసిగిన నాకు ఆ మనిషిని చూస్తే ప్రాణం కుదుటపడేది. గోతాల్లో ఏముందని ఒక్కసారీ అడగలేదు. అడగాలని తోచలేదంటే పూర్తి నిజం కాదు. ఒకసారి ఒక గోతం అడుగున తడి మరక చూశాను. అడిగితే ఆయన కూడా వాదనకు దిగుతాడేమోనని ఊరుకున్నాను. 'సాధారణం' అని రాసి స్టాంపు వేశాను.

ఆ గోతాలు గట్టివి. ఉతికి అమ్మితే వేరుశనక్కాయలు నింపుకునేదానికి రైతులు కొంటారు. అందుకని ఆమె కుట్లు విప్పి లోపలిది కుమ్మరించి గోతాలు దాచుకునేది. మార్చి నెలలో ఒకనాడు మధ్యాహ్నం ఆమె షెడ్డు దగ్గరకు వచ్చి, కుండలో నీళ్ళు కుడిచేతి మీద పోసుకుంటూ నిలబడింది. ఏమైందని అడిగాను. సూది గుచ్చుకుందని చెప్పింది. చూపుడు వేలు మొదట్లో రక్తం చుక్క ఉంది, అంతే. కొంగు చింపి కట్టుకుని మళ్ళీ పనిలోకి వెళ్ళింది. అప్పుడు నేను లేచి వెళ్ళి ఆమె కుమ్మరించిన కుప్పను చూశాను. సిరంజిలు, విరిగిన మందు సీసాలు, రక్తం ఎండిన దూది, సెలైన్ గొట్టాలు. నెలల తరబడి నా స్టాంపు మీద లోపలికి వచ్చినవి అవే. ఆ రోజుల్లో మా పక్క సూదుల గురించి ఇప్పుడున్నంత భయం లేదు. అయినా వెంటనే ఆమె దగ్గరకు వెళ్ళాను.

ఇంజెక్షను వేయించుకోమని చెప్పాను. రేపు పోతానంది. మరునాడూ అదే మాట చెప్పింది. నాలుగోనాడు ఆమె రాలేదు. పాలెంలో ఇల్లు వెతుక్కుంటూ పోతే మంచం మీద పడుకుని ఉంది. చెయ్యి మోచేతి దాకా వాచిపోయింది. ఒళ్ళు కాలిపోతోంది. భర్త లేడు. కూతురు కలిగిరి దగ్గర అత్తగారింట్లో ఉంది. రిక్షా పిలిచి ఎక్కించాను. డాక్టరు ఉన్న చోటు దగ్గర్లో ఒక్కటే. ఆ నర్సింగ్ హోమే.

వరండాలో కాంపౌండరు మమ్మల్ని చూసి, "రండి సార్, రండి" అని బెంచీ చూపించాడు. ఎప్పటిలాగే మర్యాదగా ఉన్నాడు. డాక్టరు చెయ్యి చూసి, ఎలా అయిందని అడిగాడు. ఆమె నా వైపు చూసింది. నేను చెప్పాలి. ఇక్కడి నుంచి వచ్చిన సూదే అని ఆ ఒక్క మాట అనాలి. నేను, "పనిలో ఏదో గుచ్చుకుంది సార్" అన్నాను. ఆమె తల తిప్పుకుంది. డాక్టరు ఒక ఇంజెక్షను వేసి, ఇది తన చేతిలో లేదు, నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మని చీటీ రాశాడు.

నెల్లూరు బస్సులో ఆమెను కిటికీ పక్కన కూర్చోబెట్టాను. బస్సు ఆత్మకూరు దాటింది. తరవాత ఆమే నోరు విప్పింది.

"నువ్వు చెప్పకపోతివే అబ్బయా."

"భయమేసింది పెద్దమ్మా."

"నీకేం భయం? చెయ్యి నాది గదా" అంది. కోపంగా కాదు. అర్థంకాక అడిగినట్టే అడిగింది.

ఆసుపత్రిలో చూపుడు వేలు తీసేశారు. చెయ్యి దక్కింది. కూతురు వచ్చి దగ్గరుండి చూసుకుంది. నెల పైన పట్టింది. ఆ నెల నేను గేటు దగ్గర రోజూ కూర్చున్నాను. కాంపౌండరు రోజు మార్చి రోజు గోతాలు తెచ్చాడు. మొదటిసారి తెచ్చినప్పుడు వీటిని తీసుకోనని చెప్పాను. ఆయన వాదించలేదు. ఆఫీసుకు వెళ్ళి, ఆఫీసరు చేతి చీటీతో తిరిగొచ్చాడు. రోజూ వచ్చేవారిని తిప్పిపంపవద్దని అందులో ఉంది. నేను గేటు తీశాను.

ఆ సంగతంతా ఒక ఆదివారం నాయనకు చెప్పాను. గోతాల సంగతి, రసీదుల సంగతి, డాక్టరు ముందు నేను నోరు మెదపని సంగతి. దాచకుండా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"చూడకుండా సంతకం పెట్టబాకురా అని నీకు నాలుగో క్లాసులో చెప్పినా" అన్నాడు.

ఆ సాయంత్రమే ఆయన నాతో బస్సెక్కాడు. నేను ఆ ఉద్యోగంలో చేరాక ఆయన ఆ ఊరికి రావడం అదే మొదలు. ఆమె అప్పుడే ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చింది. నాయన ఆమె మంచం పక్కన పీట మీద కూర్చుని చాలాసేపు ఆమె చెప్పింది విన్నాడు. తరవాత తెల్లకాగితం తీసి, ఆమె పేరు మీద పంచాయతీకి అర్జీ రాశాడు. పనిలో దెబ్బ తగిలింది కాబట్టి నష్టపరిహారం ఇవ్వాలనీ, ఆ చేత్తో చేయగలిగిన పని ఏదైనా ఇప్పించాలనీ రాసి, చదివి వినిపించాడు. ఆమె ఎడమచేతి బొటనవేలు ముద్ర వేసింది.

ఆఫీసరు అర్జీ చదివి నన్ను లోపలికి పిలిచాడు. తలుపు దగ్గరకు వేయమన్నాడు. బల్ల మీద నా రసీదు పుస్తకాలన్నీ పెట్టి ఉన్నాయి. ప్రతి రసీదులోనూ 'సాధారణం' అని నా చేతిరాత. ఆయన బెదిరించలేదు. అలిసిపోయిన గొంతుతో చెప్పాడు. రసీదు ప్రకారం అది మామూలు చెత్త, కాబట్టి ఆమె గాయానికి యార్డుకు సంబంధం లేదు. కాదు, అది ఆసుపత్రి చెత్తే అంటే, చూడకుండా రాసినందుకు తప్పు నాదవుతుంది. ఏది కావాలో నన్నే చెప్పమన్నాడు.

"మీ చీటీ కూడా ఉండాది గదా సార్" అన్నాను.

"అది గాయమైన తరవాతది" అన్నాడు. అదీ నిజమే.

ఒక రోజు టైమడిగాను. ఆ రోజు బస్సులో ఆలోచించిందేమీ లేదు. నిద్రపోయాను. చాలా నెలల తరవాత అంత గాఢంగా నిద్రపోయాను. మరునాడు పొద్దున ఒక పేజీలో రాసి ఇచ్చాను. గోతాల్లో ఏముందో చూడకుండా సాధారణం అని రాశాననీ, అవి ఆసుపత్రి చెత్తేననీ, ఆమెకు సూది గుచ్చుకున్నది అందులోనేననీ. ధైర్యం చేశానని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఆ మూడు వాక్యాలు మోసుకుంటూ తిరిగే ఓపిక నాకు లేకపోయింది, అంతే.

నాకు మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు ఆగింది. ఆమెకు పంచాయతీ కొంత ఇచ్చింది. నర్సింగ్ హోం వాళ్ళు తమ తప్పేమీ లేదంటూనే కాంపౌండరు చేత ఆసుపత్రి ఖర్చులు పంపారు. ఆమెను చెత్త పని నుంచి తప్పించి, ఆఫీసులో నీళ్ళు పెట్టే పని ఇచ్చారు. బల్లల దగ్గరకు గ్లాసు తీసుకువెళ్తే ఇద్దరు గుమాస్తాలు ముట్టేవాళ్ళు కాదు. ఆమె గ్లాసు పెట్టి వెళ్ళిపోయేది. వాళ్ళు తాగినా తాగకపోయినా రోజూ పెట్టేది. ఏడాది తరవాత ఒకాయన తాగడం మొదలుపెట్టాడు. రెండో ఆయన రిటైరయ్యేదాకా ఇంటి నుంచి సీసా తెచ్చుకున్నాడు.

నర్సింగ్ హోం గోతాలు యార్డుకు రావడం ఆగిపోయింది. మొదట్లో నేను గెలిచాననే అనుకున్నాను. వానలు పడ్డాక వాగులో అవే తవుడు గోతాలు, అదే పురికొస కుట్టు, చిల్లచెట్ల వేళ్ళకు చిక్కుకుని కనిపించాయి. ఆఫీసరుకు చెప్పాను. ఆయన నోటీసు పంపాడు. ఆ నోటీసుకు జవాబు వచ్చేలోగా ఆయనకు బదిలీ అయింది. పోయే రోజు నన్ను పిలిచి, "మనం ఆసుపత్రి చెత్తకు వేరే గడి పెట్టుకోవాల్సింది" అన్నాడు. చేయి కలిపాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు.

తరవాత వచ్చినాయన రుసుం ఎత్తేశాడు. గేటుకు తాళం వేశారు. కొన్నాళ్ళకు తాళంతో సహా గేటునే ఎవరో ఎత్తుకుపోయారు. నన్ను ఆఫీసుకు తీసుకుని జనన మరణాల రిజిస్టరు అప్పజెప్పారు. నీడపట్టున కూర్చునే పని. అయినా సాయంత్రానికి ఒళ్ళు అంతే నొప్పులుగా ఉండేది.

ఇంకొన్నేళ్ళకు పెద్దమ్మ నా బల్ల దగ్గరకు వచ్చి, వృద్ధాప్య పింఛనుకు పుట్టిన తేదీ కాగితం కావాలని అడిగింది. రిజిస్టర్లు వెనక్కి వెనక్కి తిరగేశాను. పాలెంలో ఆ కాలంలో పుట్టినవాళ్ళ వివరాలు ఎవరూ రాయించలేదు. ఎప్పుడు పుట్టావో ఏమైనా గుర్తుందా అని అడిగాను.

"మా అమ్మ చెప్పేది. పెద్ద గాలివాన వచ్చి చర్చి కప్పు లేచిపోయిన ఏడని. తేదీ యాడ తెలుస్తాది."

అది ఏ ఏడో చర్చివాళ్ళ పాత పుస్తకంలో దొరుకుతుందేమో, తాను పాస్టరుగారిని అడుగుతానని చెప్పి నాయన రెండు ఆదివారాలు ఆ పని మీదే తిరిగాడు. ఏడు దొరికింది, తేదీ దొరకలేదు. ఒక తేదీ వేద్దామా అని ఆమెను అడిగాను. ఆమె నాలుగు వేళ్ళున్న చేత్తో రిజిస్టరు అంచు పట్టుకుని వంగి, తనకు చదవడం రాని ఆ పేజీని చూసింది.

"తెలిసినంత వరకే రాయి అబ్బయా" అంది.

ఏడు మాత్రం రాసి, తేదీ తెలియదని పక్కన రాశాను. కాగితం పైవాళ్ళు రెండుసార్లు తిప్పిపంపారు. మూడోసారి ఒప్పుకున్నారు. ఆమెకు పింఛను మొదలయ్యేసరికి ఎండాకాలం వచ్చింది.